వేరు కాపురము

అన్నదమ్ములు వేరుపడునప్పుడు గిన్నెలు, గుండిగలు పంచుకొనుట ఒక పూటలో తీరును. నూతినీరు పంచుకొనుట మాత్రము తరములు గడచినను తీరదు. రాజ్యములకును ఇదియే న్యాయమని మాకు తోచుచున్నది.

2016 జూన్ 23వ తేదీన బ్రిటను ప్రజలు ఐరోపా సమాఖ్యలో ఉండవలయునా, విడువవలయునా యని ఓటు వేసిరి. పడిన ఓట్లలో నూటికి 51.9 విడుటకును, 48.1 ఉండుటకును వచ్చినవి. స్కాట్లండులో నూటికి 62 ఉండుటకే పడినను మొత్తపు లెక్కయే నిలిచెను. తీర్పు ఒక్కనాటిది, ఐర్లండు సరిహద్దు వంటి చిక్కులతో పెనగులాడి 2020 జనవరి 31న వెలుపలికి వచ్చుటకు మూడున్నర యేండ్లకు పైగా పట్టెను.

ఆ వార్త విని బందరులో మా పొరుగింటి యిల్లాలు, "వాళ్ళనైనా అడిగారు, మనల్ని ఎవరడిగారమ్మా?" అనెను. నిజమే. మన రాజ్యాంగమున మూడవ అధికరణము చొప్పున రాష్ట్రమును విడదీయు అధికారము పార్లమెంటుది. శాసనసభ అభిప్రాయము అడుగుదురు గాని, దానికి కట్టుబడ నక్కరలేదు. 2014 జనవరిలో మన శాసనసభ బిల్లును తిరస్కరించెను. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించెను. జూన్ 2న రెండు రాష్ట్రము లేర్పడెను.

ఆ దినములలో ఒక్కొక్క యింట ఒక్కొక్క మాట వింటిమి. గుడివాడలో మా తండ్రిగారు మిక్కిలి దుఃఖించిరి. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, విద్యార్థిగా "జై ఆంధ్ర" యని కేకలు వేసిన వారే 2013లో సమైక్యాంధ్ర ఊరేగింపున నడచిరి. మా తల్లిగారు మెల్లగా, "అప్పుడు పోదామన్నారు, ఇప్పుడు ఉందామంటున్నారు. అవతలివాళ్ళకు మాత్రం మనసుండదా అండీ?" అనిరి. వారు బదులు చెప్పలేదు.

దివిసీమలో మా అత్తగారు రాజధాని మాట యెత్తలేదు. "కాలవకు నీళ్ళెవరు వదులుతారే?" అని మాత్రమే అడిగిరి. కాలువ శివారు భూములవారికి అన్నిటికన్న ముందు తోచు ప్రశ్న అది. కృష్ణలో ఉమ్మడి రాష్ట్రమునకున్న 811 టి.ఎం.సి.లలో 512 మనకును, 299 తెలంగాణమునకును 2015లో తాత్కాలికముగా సర్దిరి. వాదములు ఆ పిమ్మటను నడచినవి.

మా చింత హైదరాబాదులో కొలువుచేయు తమ్ముని గూర్చి. పదియేండ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగిసెను. తమ్ముడు అక్కడనే యున్నాడు. అతని పిల్లలకు అదియే సొంత ఊరు. సంక్రాంతికి వచ్చి మా పిల్లలతో ఒకే విస్తరి ముందు కూర్చుండి, వారి యాసను వీరికి నేర్పి పోవుచున్నారు.

భారతమున పాండవులు ఐదూళ్ళిచ్చినను చాలునని కబురంపిరి. ఆ మాత్రమును పంచి యీయ నొల్లనందుననే కురుక్షేత్రము వచ్చెను గాని, పంపకము వలన గాదు.

కావున విడిపోవువారిని తిట్టుటయు, ఉండుమనువారిని ఎగతాళి చేయుటయు మనకు తగదు. నీరెట్లు, అప్పెవరిది, పిల్లల చదువెక్కడ యని ముందుగా అడుగుట గృహిణులకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ ప్రశ్నలు వంటయింట అణగిపోక, సభలలోనివారి చెవిని పడునట్లు మనము అడుగుచునే యుండవలయును.