మచ్చు కాయలు

బి.యస్సీ. ఆఖరి సంవత్సరంలో కెమిస్ట్రీని మించిన సబ్జెక్టు ఒకటుంది. సిలబస్సులో ఉండదు, గైడు దొరకదు. దాని పేరు బయోడేటా. ఆ పేపరులో నేను మొదటిసారి ఎలా తప్పానో, రెండోసారి ఎలా రాశానో మిత్రులకు చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

మాది పర్చూరు దగ్గర పల్లె. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేము బాపట్ల జిల్లాలోకి వెళ్లాం గాని, మా నాన్న నోట ఇంకా ప్రకాశం జిల్లాయే వస్తుంది. నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప మా ఇంటికి వేరే చరిత్ర లేదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో, గుంటూరులో ఎగుమతి మిరపకాయల్ని పరీక్షించే ఒక ల్యాబుకు ట్రైనీలు కావాలని తెలిసింది. అందరితోపాటు నేనూ నెట్ సెంటరుకు పరుగెత్తాను. అక్కడ బయోడేటా వండి సిద్ధంగా ఉంటుంది. పేరు, మార్కులు మార్చడమే తరువాయి. అందరి ఆశయమూ ఒకటే. అందరి హాబీలూ క్రికెట్టూ, పత్రికా పఠనమూ! తండ్రి వృత్తి దగ్గర "రైతు" అన్నాను. "బిజినెస్ అని కొడతా, బాగుంటది" అన్నాడు ఆ కుర్రాడు. నేను కాదనలేదు. హాస్టల్లో ఒక సీనియర్ అన్న, "హెచ్.పి.ఎల్.సి. వచ్చని రాయి తమ్ముడూ, ఎవడు చూస్తాడు?" అన్నాడు. అదీ రాశాను. ఆ యంత్రాన్ని నేను చూసింది ఒకే ఒక్కసారి, అదీ అద్దం అవతల నుంచి.

శనివారం ఇంటికెళ్తే అమ్మా నాన్నా కల్లంలో తాలు కాయలు ఏరుతున్నారు. నేనూ కూర్చున్నాను.

"ఏదో ఉద్యోగానికి కాగితం పెడుతున్నావంటగా, చదువు" అన్నాడు నాన్న.

ఇంగ్లీషులో ఉన్నది తెలుగు చేస్తూ చదివాను. తండ్రి వృత్తి దగ్గర గొంతు ఆగింది. అయినా చదివేశాను. ఆయన ఏమీ అనలేదు. రెండు తాలు కాయలు పక్కన పడేసి, "ఇంతకీ ఆళ్లకి కావాల్సిందేంది?" అనడిగాడు.

చెప్పాను: కాయలో తేమ, రంగు, కారం, బూజు వల్ల పుట్టే ఆఫ్లటాక్సిన్ అనే విషం, పురుగుమందుల అవశేషాలు.

"మరి నీ కాగితంలో కాయ ఊసే లేదేందిరా? రంగు కావాల్సినోడు బ్యాడిగ అడుగుతాడు, కారం కావాల్సినోడు తేజ అడుగుతాడు. ఎవరికేది కావాలో ఆ మచ్చే ముందు పెట్టాల. అట్టాగని పైన మంచికాయ, అడుగున తాలు పోశావనుకో, కొనేవాడు టిక్కీ అడుగుదాకా చెయ్యి పెడతాడు. రేటూ పోద్ది, పేరూ పోద్ది."

ఆ రాత్రి అటక మీది నా పాత నోటు పుస్తకం దించాను. 2021లో నల్ల తామరపురుగు పూతలో దూరి మా వైపు మిరపను నాశనం చేసినప్పుడు, ఏ రోజు ఏ మందు కొట్టామో, ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లు కలిపామో నాన్న చెబుతుంటే నేను రాసిన పుస్తకమది. మందు మీద మందు కొట్టాం. చివరికి చేను పీకేశాం. పుస్తకం ఒక్కటే మిగిలింది. అవశేషాలు వెతికే ల్యాబుకు చెప్పదగ్గ సంగతి ఇదే కదా, ఇన్నాళ్లూ దాన్ని దాచిపెట్టానే అని సిగ్గేసింది.

కాగితం మళ్లీ రాశాను. క్రికెట్టు తీసేశాను. టైట్రేషను, కలరీమీటరు స్వయంగా చేసినవి కనుక పైన పెట్టాను. మిరప ఆరబెట్టడం, గ్రేడు చేయడం, మందుల లెక్క రాయడం వాటి కింద. హెచ్.పి.ఎల్.సి. దగ్గర "సిద్ధాంతం చదివాను, యంత్రం నడపలేదు" అని రాశాను. తండ్రి వృత్తి: రైతు.

తరువాత ఒక విత్తనాల కంపెనీకి దరఖాస్తు పెడుతూ అదే బతుకును ఇంకోలా పేర్చాను. పత్తి చేను పైకొచ్చింది, టైట్రేషను కిందికి దిగింది. ఒక్క అబద్ధం కలపలేదు. వరుస మార్చానంతే.

ల్యాబు వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. సగంసేపు ఆ నోటు పుస్తకం గురించే అడిగారు. యంత్రం గురించీ అడిగారు. నడపలేదన్నాను. ఒకాయన తలెత్తి నా వంక చూశారు. ఆ చూపు మెచ్చుకోలో, కొట్టివేతో తెలియదు. ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి ఫలితం రాలేదు.

జూనియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. దరఖాస్తు పెట్టేముందు ఆ పనికి ఏం కావాలో అడగండి. తరువాత మీ ఇంటి కల్లంలో వెతకండి. దొరికిందే రాయండి. అవతలివాడు అడుగుదాకా చెయ్యి పెడతాడని మాత్రం మరిచిపోకండి.