పూత లేని గోడలు

గోడకు ప్లాస్టరింగు చేస్తే కాంక్రీటు పోతలోని తప్పులన్నీ దాని కింద దాక్కుంటాయి. పూత లేకుండా వదిలేసిన గోడ ఏదీ దాచదు. పాత కాంక్రీటు కట్టడాలను పరీక్షించి, ఏ మరమ్మతు చేయాలో చెప్పడం నా ఉద్యోగం. ఉత్తర ఇంగ్లండులో ఉంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలను ముందుగా డర్హమ్‌లోని డనెల్మ్ హౌస్‌కి తీసుకెళ్తాను. అది యూనివర్సిటీ విద్యార్థి సంఘం భవనం, 1966లో పూర్తయింది.

వీధిలోంచి చూస్తే అదేమంత పెద్దదనిపించదు. వేర్ నది వైపు వెళ్తే తెలుస్తుంది. నిటారు గట్టు మీద అంతస్తులు విడివిడి ముక్కలుగా, ఒకదాని కింద ఒకటి నీళ్ల దాకా దిగుతాయి. నదికి ఆవల కొండ మీద 1093లో పని మొదలైన కేథడ్రల్ ఉంది. దాని ఎదుట ఎత్తుగా ఒక పెట్టె నిలబెట్టి ఉంటే ఊరి రూపమే చెడిపోయేది. ఆర్కిటెక్ట్స్ కో-పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థ ఆ పని చేయకుండా భవనాన్ని వాలుకు ఆనించి కట్టింది. పైకప్పుకు కూడా కాంక్రీటు పలకలే పరిచారు.

ఈ కట్టడానికి సలహా ఇచ్చినవాడు ఓవ్ అరప్. సిడ్నీ ఓపెరా హౌస్ ఇంజినీరింగు చేసింది ఆయన సంస్థే. భవనాన్ని ఆనుకునే ఆయన రూపొందించిన కింగ్స్‌గేట్ వంతెన ఉంది, 1963 నాటిది. నదిలో సెంట్రింగు నిలబెట్టకుండా, సగం ఈ ఒడ్డున, సగం ఆ ఒడ్డున నది వెంబడి పోశారు. తర్వాత రెండు సగాలనూ తిప్పి నడిమధ్యలో కలిపారు. అరప్‌కి తన పనులన్నిటిలో ఇదంటే ప్రత్యేకమైన ఇష్టం. 1988లో ఆయన పోయాక చితాభస్మాన్ని ఈ వంతెన మీద నుంచే నదిలో కలిపారు.

లోపల నన్ను ఎప్పుడూ ఆపేసేది మెట్ల వరస. పైనుంచి కిందికి తిన్నగా, భవనం పొడవునా సాగుతుంది. దాన్ని వీధిలా ఉండాలనే ఊహించి గీశారు. విద్యార్థి సంఘానికి గదులకన్నా ముఖ్యం ఇదే. కాఫీకి దిగేవాడు, మీటింగుకి ఎక్కే అమ్మాయి, కరపత్రాలు మోసుకొచ్చేవాడు, అందరూ ఒకే దారిన ఎదురుపడక తప్పదు. లిఫ్టూ పొడవాటి కారిడారూ ఉన్న భవనంలో మనుషులు ఒకరినొకరు తప్పించుకుని వెళ్లిపోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఎక్కలేనివారికి మాత్రం ఈ మెట్లు కష్టమే. ఆ ఇబ్బందిని ఒప్పుకోకుండా ఈ భవనాన్ని పొగడటం సబబు కాదు.

"ఏంటన్నా, పూర్తి కాకుండానే వదిలేశారా?" అని అడిగాడు ఒకసారి నాతో వచ్చిన ఖమ్మం కుర్రాడు. మన దగ్గర పెరిగినవాళ్లకు ఆ అనుమానం సహజం. సిమెంటు రంగు కనిపిస్తే ఇల్లు ఇంకా అవలేదని అర్థం మనకు. గోడ మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. ఇలాంటి గోడకు సెంట్రింగు వడ్రంగే ఆఖరి పనివాడు. అతని తర్వాత సరిదిద్దడానికి ఇంకెవరూ రారు. సెంట్రింగు పలకల సందులోంచి సిమెంటు పాలు కారితే ఆ మచ్చ అక్కడే ఉండిపోతుంది.

అందుకే మరమ్మతు కూడా కష్టం. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ కాంక్రీటులోని క్షారాన్ని తగ్గిస్తుంది. ఆ మార్పు లోపలి ఇనుప కడ్డీ దాకా చేరి, తేమ కూడా తోడైతే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి పైపొరను పెచ్చుగా ఊడదీస్తుంది. సుత్తితో తట్టుకుంటూ పోతే పొర విడిన చోట బోలు శబ్దం వస్తుంది. అక్కడ చిన్న ముక్క తీసి ఫినాఫ్తలీన్ చల్లుతాం. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకి తిరుగుతుంది, క్షారం పోయిన భాగం అలాగే ఉండిపోతుంది. మామూలు గోడకైతే కొత్త మిశ్రమం నింపి రంగు వేసేయొచ్చు. పూత లేని గోడకు రంగు, ఇసుక, అచ్చు గుర్తులు అన్నీ పాతవాటితో కలవాలి. లేకపోతే అతుకులేసిన చొక్కాలా కనిపిస్తుంది.

2016లో యూనివర్సిటీ డనెల్మ్ హౌస్‌ని కూల్చాలనుకుంది. అవసరాలకు సరిపోవడం లేదనీ, మరమ్మతుకు ఖర్చెక్కువనీ దాని వాదన. వాస్తుశిల్ప ప్రేమికులు, పాత విద్యార్థులు, ఇరవయ్యో శతాబ్దపు కట్టడాలను కాపాడే ట్వంటియత్ సెంచరీ సొసైటీ ఎదురునిలిచి పోరాడారు. 2021లో ప్రభుత్వం గ్రేడ్ టూ రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఆ వార్త చదివిన రోజు నాకు మనస్ఫూర్తిగా సంతోషం కలిగింది.

మన ఊళ్లలోనూ అరవై, డెబ్భై దశకాల కాలేజీ భవనాలను "పాతబడింది, పెచ్చులూడుతోంది" అన్న ఒక్క మాటతో కూల్చేస్తున్నారు. పెచ్చులూడటం జబ్బు లక్షణం, చావు కాదు. ఇంజినీరు మిత్రులకు నా విన్నపం ఒక్కటే: కూల్చమనే నివేదిక మీద సంతకం పెట్టే ముందు గోడను తట్టించండి, కోర్ తీయించండి, క్షారం ఎంత లోతు వరకు పోయిందో కొలిపించండి.