మూడు రోజులు... ముప్ఫై కిలోమీటర్లు!

"విశాఖపట్నం ఎప్పుడైనా వెళ్ళారా?" అని అడిగితే మనలో చాలామంది "ఓ, నాలుగైదు సార్లు!" అంటాం. ఎందుకు వెళ్ళారని అడిగి చూడండి. ఆడపడుచు కూతురి పెళ్ళికి, సింహాచలం మొక్కు తీర్చుకోడానికి, పిల్లాణ్ణి కాలేజీలో చేర్పించడానికి! మరి సముద్రం చూశారా అంటే, "చూశాం... ఓ అరగంట" అంటాం. ఆ అరగంటలోనూ మనం చూసిందేమిటండీ? పిల్లల చెప్పులు, ఆయన పర్సు, పులిహోర డబ్బా! అందరూ నీళ్ళలో ఉంటే మనం సామాను దగ్గర ఉంటాం.

నా సంగతీ అంతే. మాది తుని. రైలెక్కితే రెండు గంటల్లో విశాఖ. అంత దగ్గర కాబట్టే, "ఎప్పుడైనా చూడొచ్చులే" అనుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపేశాం. మావారు రిటైరయ్యాక మొన్న జనవరిలో, పెళ్ళీ పేరంటం ఏమీ లేకుండా, మేమిద్దరమే మూడు రోజులు వెళ్ళొచ్చాం. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే పోయే రోడ్డు ముప్ఫై కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. కారులో గంట ప్రయాణం. దానికి మూడు రోజులు ఎందుకని మీకు అనిపించొచ్చు. మా అమ్మాయి కూడా ఫోనులో అదే అంది. అందుకే ఈ కబుర్లు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. విశాఖలో మా పిన్ని ఉంది. ఆవిడకి చెప్పకుండా వెళ్ళాం! చెబితే లాడ్జిలో దిగనివ్వదు. వాళ్ళింట్లో దిగితే నేను మళ్ళీ వంటింట్లోనే ఉంటాను, ఆవిడతో పాటు. తప్పో ఒప్పో, ఈ ఒక్కసారికి అనుకున్నాం.

కాగితం మీద టైం టేబులు

మావారు బయల్దేరేముందే ఒక కాగితం మీద గంట గంటకీ ఏం చూడాలో రాసుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళ ఆఫీసు అలవాటు మరి! దాని ప్రకారం మొదటి రోజు రామకృష్ణా బీచితో మొదలు. ఆ ఒడ్డునే రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది కనుక ఆ పేరు.

అక్కడ ఇసుకలో నిలబెట్టిన జలాంతర్గామి కురుసురా తప్పకుండా చూడండి. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి మ్యూజియం. లోపల ఒంగి ఒంగి నడవాలి. డెబ్బై మందికి పైగా మనుషులు అందులో రోజుల తరబడి ఉండేవారట. వంటగది చూసి నేను అక్కడే ఆగిపోయాను. మన ఇళ్ళల్లో సామాన్ల గది కూడా అంతకంటే పెద్దదే. అంత జాగాలో అంతమందికి మూడు పూటలా ఎలా వండేవారో! ఇకమీదట మా వంటిల్లు ఇరుకని అనకూడదనుకున్నాను. రోడ్డుకి అవతల టీయూ-142 అనే పెద్ద యుద్ధ విమానాన్ని 2017లో మ్యూజియంగా పెట్టారు. అదీ చూశాం.

సాయంత్రం కైలాసగిరి. రోప్‌వేలో పైకి వెళుతుంటే కింద సముద్రం ముడతలు పడ్డ నీలం చీరలా కనిపిస్తుంది. కొండ మీద పక్కపక్కన కూర్చున్న తెల్లని శివపార్వతుల విగ్రహాలు, చిన్న రైలుబండి, పూలతోట ఉన్నాయి. అప్పటికి నా మోకాళ్ళు మొరాయించాయి. మావారేమో చేతిలో కాగితంతో, "పదవోయ్, ఇంకా రెండు చూడాలి, ఆలస్యమైతే మూసేస్తారు" అంటున్నారు.

"మీరు చూసి రండి. నేనిక్కడే కూర్చుంటా" అన్నాను. చెప్పొద్దూ, ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. మామూలుగా అయితే కాళ్ళీడ్చుకుంటూ వెనకాలే వెళ్ళేదాన్ని.

ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళారు. పది నిమిషాల్లో తిరిగొచ్చారు, చేతిలో వేయించిన వేరుశనక్కాయల పొట్లంతో. కాగితం జేబులోకి పోయింది. అక్కణ్ణుంచి చూస్తే ఒడ్డు పొడవునా వంపు తిరిగిన తెల్లటి నురగ, దూరంగా ఊరు, ఒక్కొక్కటిగా వెలుగుతున్న దీపాలు.

కాసేపయ్యాక ఆయన నెమ్మదిగా, "అమ్మని ఇక్కడ ఆస్పత్రిలో చేర్పించాం గుర్తుందా? ఇరవై రోజులు. రాత్రిళ్ళు హోరు వినపడేది. నువ్వు ఒక్కసారీ ఒడ్డుకి రాలేదు కదూ?" అన్నారు.

అది 2009 నాటి మాట. నేను మరిచిపోయానో, మరిచిపోయాననుకున్నానో. "రాలేదు. ఎవరు కూర్చుంటారు ఆవిడ దగ్గర?" అన్నాను.

ఆయన ఇంకేం అనలేదు. పొట్లం నా వైపు జరిపారు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం.

తెల్లవారుజామున ఏం చేస్తాం?

రెండో రోజు నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. అలవాటు ఊరుకోదు కదా! కానీ పాలు కాచక్కర్లేదు, వాకిట్లో ముగ్గు వెయ్యక్కర్లేదు, మోటారు వెయ్యక్కర్లేదు. మంచం మీద కూర్చుని ఏం చెయ్యాలో తోచలేదంటే నమ్మండి. అప్పుడు గుర్తొచ్చింది. మనది తూర్పు తీరం. సముద్రంలోంచి సూర్యుడు లేవడమే చూడగలం, మునగడం కాదు. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి పోతాడు. అంటే మనలాంటి తెల్లారకుండా లేచేవాళ్ళ కోసమే ఈ సముద్రం!

ఆయన్ని లేపి ఒడ్డుకి నడిచాం. ఇసుక చల్లగా, గట్టిగా ఉంది. జాలర్లు పడవని నీళ్ళలోకి తోస్తున్నారు. ముందు నీళ్ళు బూడిద రంగులో, తర్వాత రాగి చెంబు తోమినట్టు, చివరికి కళ్ళు చెదిరేట్టు! మనం రోజూ అదే వేళకి లేస్తాం. కానీ మనకి కనిపించేది పొయ్యి వెలుగే.

ఆరోజు మకాం రుషికొండ వైపు మార్చాం. భీమిలి వైపు వెళుతుంటే ఎడమ చేతి పక్క కొండలు, కుడి చేతి పక్క సముద్రం. ఆర్టీసీ సిటీ బస్సులున్నాయి, ఆటోలున్నాయి. తొందర లేకపోతే బస్సే హాయి, కుడి వైపు కిటికీ పక్కన కూర్చోండి.

రుషికొండ ఒడ్డుకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రతకీ సౌకర్యాలకీ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. చూడ్డానికి నీళ్ళు ఎంత నెమ్మదిగా ఉన్నా నమ్మకండి. లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనపడవు. గార్డు వద్దన్నచోట పాదం కూడా పెట్టొద్దు.

రెండువేల ఏళ్ళ నాటి వంటిల్లు

విశాఖకి పదిహేను, పదహారు కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ. కొండ మీద బౌద్ధ భిక్షువుల ఆరామం. క్రీస్తు పూర్వం నుంచీ కొన్ని వందల ఏళ్ళు ఇక్కడ భిక్షువులు ఉన్నారు. తర్వాత మట్టిలో కప్పడిపోయింది. 1976లో నౌకాదళం వాళ్ళు తమ పనికోసం ఈ కొండని సర్వే చేస్తుండగా బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిపారు. శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే ఈ సముద్రం మీద అప్పటికే ఎంత దూరం నుంచి రాకపోకలుండేవో చూడండి!

కొండకి ఆ పేరు ఎందుకంటే, వాన నీళ్ళు పట్టుకోడానికి రాతిలో తొలిచిన తొట్లున్నాయి. స్తూపం, చైత్యాలు, భిక్షువులుండే గదుల వరసలు అన్నీ చూశాం. కానీ నాకు నచ్చింది వంటశాల, సామాన్ల గదులు, భోజనశాల ఉండిన చోటు. ఇప్పుడు మిగిలింది పునాదులే. అయినా ఆ గట్టు మీద నిలబడితే ఎదురుగా సముద్రం. ఇక్కడ వంట చేసినవాళ్ళు తలెత్తితే నీళ్ళు కనిపించేవి కదా అనుకున్నాను. మావారు నవ్వి, "మన వంటింటికి ఇంకో కిటికీ పెట్టిద్దామా?" అన్నారు. ఎదురుగా పక్కింటివాళ్ళ గోడే కనిపిస్తుంది. అయినా పెట్టించమన్నాను.

కొండ కింద మంగమారిపేట. జాలర్ల ఊరు. ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణం ఉంది, ప్రకృతి కట్టిన గుమ్మంలాగా. ఇసుక మీద ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతున్నారు. ఒకామెని "రోజూ సముద్రం చూస్తారు, అదృష్టవంతులు" అన్నాను. ఆమె నవ్వి, "మాకెక్కడమ్మా చూడ్డం, పనే సరిపోద్ది" అంది. నాకు నోట మాట రాలేదు. తనూ నాలాగే. ఆమె పక్కన ఇసుకలో కాసేపు చతికిలబడ్డాను. వెళ్ళేటప్పుడు అరకిలో ఎండు రొయ్యలు కొన్నాను, బేరమాడకుండా.

ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

మూడో రోజు ఎండ ముదరకముందే ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళాం. సముద్రం పక్కన ఇటుక రంగు ఇసుక దిబ్బలు, వాటి మధ్య వాన నీరు కోసిన లోతైన దారులు. వేల ఏళ్ళుగా గాలీ, సముద్రమూ, వానా కలిసి చేసిన పని ఇది. దేశంలో ఇలాంటివి తమిళనాడులో కూడా ఉన్నాయి. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. గట్టిగా కనిపించినా అది ఇసుకే, పట్టుకుంటే రాలిపోతుంది. పిల్లలున్నవాళ్ళు దిబ్బలెక్కనివ్వకండి. ముగ్గుకి బావుంటుందని ఆ మట్టి మూట కట్టకండి. నా చేతులూ దురద పెట్టాయి, కానీ మానుకున్నాను!

అక్కణ్ణుంచి దగ్గరే భీమునిపట్నం, మన నోట భీమిలి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడ్డ ఊరు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి వ్యాపారం చేశారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతిలోకి వెళ్ళింది. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌసు, పాత చర్చి, కొండ మీద నరసింహస్వామి గుడి, అన్నీ నడిచి చూడగల దూరంలోనే. బొర్రా గుహల గుండా వచ్చిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది.

ఆ డచ్చి సమాధుల దగ్గర మనసు అదోలా అయింది. ఎక్కడి వాళ్ళు ఎక్కడ పడుకున్నారో! వాళ్ళ ఆడవాళ్ళు ఈ ఉక్కపోతలో ఏం వండుకున్నారో, ఎవరితో మాట్లాడుకున్నారో!

సాయంత్రం ఒడ్డున ముంత మసాలా తిన్నాక, మావారు కిందికి వంగి నా చెప్పులు తీసి తన పక్కన పెట్టుకున్నారు. "వెళ్ళు. సామాను నేను చూస్తా" అన్నారు. చీలమండలు మునిగేదాకా వెళ్ళాను. కెరటం వెనక్కి పోతున్నప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంటే నేనే కదిలిపోతున్నట్టు అనిపించింది. చీర తడిసింది. తడవనిమ్మన్నాను.

మీరూ వెళతారా? అయితే ఈ నాలుగు మాటలు

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బావుంటుంది. అక్టోబరు, నవంబరులలో వాయుగుండాల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని ఎంత అల్లకల్లోలం చేసిందో మనం మరిచిపోలేదు కదా.

మ్యూజియాలకి వారంలో ఒక రోజు సెలవుంటుంది. ముందే కనుక్కోండి. తొట్లకొండకి మంచినీళ్ళ సీసా, గొడుగు పట్టుకెళ్ళండి. నూలు చీరలు, తడిసినా ఫరవాలేని చెప్పులు చాలు. నగలొద్దు. పులిహోర అసలే వద్దు! దారిలో ఇడ్లీ దొరుకుతుంది, చేపల కూరతో భోజనం దొరుకుతుంది. మూడు రోజులు ఇంకొకరు వండింది తినండి, ఉప్పు తక్కువైనా సరే.

రోజుకి రెండు చోట్లు మించి పెట్టుకోకండి. ఎన్ని చూశామన్న లెక్క ఇంటికొచ్చాక ఎవరూ అడగరు. ఒకచోట గంటసేపు ఊరికే కూర్చోండి. ముప్ఫై ఏళ్ళుగా నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట ఏదో ఒకటి అప్పుడు బయటికొస్తుంది.

అన్నట్టు, తిరిగొచ్చాక పిన్నికి ఫోను చేసి ఒప్పేసుకున్నాను. రెండు నిమిషాలు కోప్పడింది. తర్వాత గొంతు తగ్గించి, "నేనూ బీచికి వెళ్ళి పదేళ్ళయిందే. ఈసారి వస్తే మీ బాబాయికి చెప్పకుండా నన్నూ తీసుకెళ్ళు" అంది.