ఇరవై

మొదటి సంవత్సరం వార్డు డ్యూటీల్లో ఒక అంకె అలవాటైపోయింది. ఇరవై.

చార్టులో టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్ పక్కపక్కనే మూడు గళ్ళు. మొదటిది థర్మామీటరు చెప్తుంది. రెండోది మణికట్టు పట్టుకుంటే దొరుకుతుంది. మూడోదానికి మాత్రం మనిషి ఛాతీ వైపు నిమిషంపాటు చూస్తూ నిలబడాలి. ముప్పై పడకల వార్డులో అదే అరగంట. "ఎవరు లెక్కెడతారే, ఇరవై వేసెయ్" అంది సీనియర్ అక్క. వేసేశాను. పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 దాకా మామూలే కాబట్టి ఎవరూ అడగరు.

వైవాలో అడిగితే మాత్రం గడగడా చెప్పేదాన్ని. ఊపిరి లెక్కపెడుతున్నామని పేషెంటుకి తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే పల్స్ అయ్యాక కూడా చెయ్యి వదలకూడదు. నాడి చూస్తున్నట్టే ఉండి, ఛాతీ లేచి పడటం ఒకటిగా లెక్కపెట్టాలి. మోసమే, కాకపోతే పుస్తకం నేర్పే మోసం.

ఆ డిసెంబర్లో సెలవుకి సీతమ్మధార ఇంటికొచ్చాను. మామ్మ రైతుబజార్ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. జ్వరం లేదు. దగ్గూ పెద్దగా లేదు. గురుద్వారా జంక్షన్ నుంచి ఇంటిదాకా ఆపకుండా కబుర్లు చెప్తూ నడిచే మనిషి, నాలుగు మాటలకోసారి ఆగుతోంది. "నీరసం అంతేనే, చలికాలం గదా" అంది.

చెయ్యి పట్టుకున్నాను. పల్స్ 104. వదలకుండా పైట లేచి పడటం చూశాను. 28. తప్పేమోనని ఇంకో నిమిషం. 29.

బ్రిటన్లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన 'న్యూస్' స్కోరులో, ఊపిరి 25 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ ఒక్కదానికే మూడు పాయింట్లు. ఏ ఒక్క లక్షణానికైనా ఇచ్చే గరిష్ఠం అదే. ముసలివాళ్ళకి జ్వరం లేకుండానే న్యుమోనియా రావచ్చనీ చదివాను. ఇవన్నీ అప్పుడు గుర్తొచ్చాయని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది మా వార్డులో ఏడో నెంబరు పడక మీది పెద్దాయన. ఆయనకీ ఇరవై వేశాను. మర్నాడు ఆయన్ని ఐసీయూకి తీసుకెళ్ళారు. ముందురోజు నిజంగా ఎంత ఉండేదో ఇక తెలిసే దారి లేదు.

మామ్మకి ఎక్స్‌రేలో న్యుమోనియా అని తేలింది, చేర్చుకున్నారు. పొద్దున్నే మంచం దగ్గరున్న చార్టు తీసి చూశాను. రాత్రి మూడుసార్లు రాశారు. 20, 20, 20. గుండ్రటి, పొందికైన అక్షరాలు. కోపం వచ్చింది. ఎవరికైనా చెప్పాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని?

కాసేపటికి ఆ అక్షరాల పిల్లే వచ్చింది, నా ఈడుదే. పల్స్ చూసి చెయ్యి వదిలేసి పెన్ను తీసింది.

"ఇంకొక్క నిమిషం పట్టుకోమ్మా" అన్నాను.

నా వంక చూసింది. ఏమీ అడగలేదు. మళ్ళీ మణికట్టు పట్టుకుంది. ఈసారి కళ్ళు మామ్మ పైట మీద ఉన్నాయి.

"ఏంటే అంతసేపు? నాడి దొరకట్లేదా?" అంది మామ్మ.

ఆ మాటతో లెక్క పోయింది. ఆ పిల్ల వాచీ చూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.