తుపాకి పెట్టెకు తైలం

కోల్‌కతాలోని డల్హౌసీ స్క్వేరుకు ఇప్పుడు బినయ్-బాదల్-దినేశ్ బాగ్ అని పేరు. నడుమ లాల్ దిఘీ అనే చెరువు, దానికి ఉత్తరాన ఎర్రని రైటర్స్ బిల్డింగు, చుట్టూ కచేరీలు, బ్యాంకులు. ఈ చతురస్రం పక్క వీథులనుంచి చౌరంఘీ దాకా ఒకనాడు తుపాకి వర్తకుల దుకాణాలు ఉండేవి. లండన్‌లో పేరుపొందిన మాంటన్ కుటుంబం పేరున ఇక్కడ ఒక కంపెనీ నడిచింది. వాన్సిటార్ట్ రోలో రాడా కంపెనీ ఉండేది. 1835లో స్థాపితమైన నర్సింగ్ చంద్ర దా కంపెనీ బెంగాలీల సొంత వ్యాపారం. అస్సాం తేయాకు తోటల దొరలు, బెంగాలు జమీందారులు, సుందరవనాలకు వేటకు పోయే అధికారులు ఈ దుకాణాల ఖాతాదారులు.

తుపాకితోపాటు వారు దాని పెట్టెనూ కొనేవారు. ఓక్ కొయ్య చట్రం, దానిమీద బిగించిన దళసరి తోలు, మూలలకు ఇత్తడి రేకులు, ఇత్తడి తాళం, లోపల ఎర్రని లేక పచ్చని బనాతు, మూత లోపలివైపు వర్తకుని పేరు, చిరునామా అచ్చువేసిన చీటీ: ఇదీ దాని స్వరూపం. కొయ్య లేకుండా కేవలం తోలుతోనే కుట్టి, మేక తొడ ఆకారంలో చేసినవీ ఉండేవి. చీటీమీది చిరునామానుబట్టి పెట్టె వయస్సును అంచనా కట్టేవారు నేటికీ ఉన్నారు.

కలకత్తా చరిత్రలో అన్నిటికంటె పేరు మోసిన తుపాకి పెట్టెలు మాత్రం తోలువి కావు. 1914 ఆగస్టు 26న రాడా కంపెనీకి కస్టమ్స్ హౌసునుంచి చేరవలసిన సరకులో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు గల పెట్టెలను విప్లవకారులు ఎద్దుబండిపై దారి మళ్ళించారు. మౌజర్ పిస్తోలు ఒర కొయ్యది. ఆ ఒరనే పిడికి తగిలిస్తే భుజానికి ఆనించుకొనే మడమగా మారేది. తోలు ఒరకు ఆ యోగ్యత లేదు. దాని చిక్కులు వేరు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట ముగిసింది. తుపాకులు కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని లైసెన్సులతోపాటు కొడుకులకు, మనుమలకు సంక్రమించాయి. పెట్టెలు బీరువాల పైభాగాన మిగిలిపోయాయి. వర్షకాలంలో కోల్‌కతా గాలిలో తేమ సగటున 80 శాతం దాటుతుంది. బూజు మొలవడానికి 70 శాతం చాలు. శ్రావణ మాసంలో పెట్టెను కిందికి దించిన గృహస్థునికి తోలుమీద తెల్లని నూగు కనిపిస్తుంది. వెంటనే అతడు వెతికేది నూనె సీసా. పెట్టెకు అసలైన ఆపద ఇక్కడే ఆరంభమవుతుంది. బూజుకు కొవ్వు ఆహారం. బూజుమీద నూనె రాయడమంటే దానికి విందు పెట్టడమే.

తోలుకు ఏ తైలం పట్టించాలో తెలియాలంటే ముందు ఆ తోలు ఏ కషాయంలో నానిందో తెలియాలి. ఈ కథలో తెలుగు పాఠకునికి సుపరిచితమైన మొక్క ఒకటి ఉంది. అది తంగేడు. దక్షిణాదిన పచ్చితోళ్ళను తంగేడు పట్టతో పదును చేసి, కరక్కాయ కషాయంతో ముగించేవారు. ఈస్టిండియా తోలు అన్న పేరుతో మద్రాసు రేవునుంచి ఓడలకెక్కి లండన్ చేరిన సరకు అదే. తంగేడు పట్ట తోలును త్వరగా పదునుచేస్తుంది, చవక. కాని అందులోని టానిన్ జాతి కాలక్రమాన ఎర్రబారి, గాలిలోని గంధకపు ఆమ్లాన్ని పట్టి నిలుపుకొని, తోలును లోలోపల తినివేస్తుంది. పుస్తకాల అట్టల తోలు ఎందుకు పొడియైపోతున్నదో పరిశీలించిన లండన్ రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సంఘం 1905లో ప్రకటించిన నివేదికలో ఇటువంటి తోళ్ళను తప్పుపట్టింది. కరక్కాయ, సుమాక్ వంటి వాటి టానిన్ జాతి వేరు. అది ఎక్కువ కాలం నిలుస్తుంది. తంగేడుకు ఈ అపకీర్తి రావడం బతుకమ్మ పేర్చేవారికి కష్టంగా తోచవచ్చును. పువ్వుకు ఇందులో పాలు లేదు.

గంధకపు పొగకు కలకత్తాలో కొరత లేదు. 1857లోనే వీథులలో గ్యాసు దీపాలు వెలిగాయి. హుగ్లీ గట్టున జనపనార మిల్లుల చిమ్నీలు, ఇంటింటా బొగ్గుల పొయ్యిలు. పొగ బాధను అరికట్టడానికి 1905లోనే బెంగాలులో ప్రత్యేక చట్టం చేయవలసివచ్చింది. ఆ పొగలో పెరిగిన పెట్టెను వేలితో రుద్దితే ఇటుకపొడి వంటి ఎర్రని ధూళి అంటుతుంది. ఇంగ్లీషువారు దీనిని రెడ్ రాట్ అంటారు. ఈ దశకు చేరిన తోలుకు నూనె పట్టిస్తే నల్లబడి, బిరుసెక్కి, పగులుతుంది. దానికి కావలసింది తైలం కాదు, సెల్యులోజు జాతి జిగురును ఆల్కహాలులో కరిగించి పలుచగా పట్టించే చికిత్స. అది మ్యూజియం నిపుణుల చేతి పని.

పొడి రాలని తోలుకే తైలం ప్రసక్తి. వంటింటి నూనెలు పనికిరావు. బెంగాలీ ఇంట సమృద్ధిగా ఉండే ఆవనూనె కాలక్రమాన జిగటబారి దుమ్మును పట్టుకొంటుంది. అవిసె నూనె గట్టిపడి తోలుతోపాటు పగులుతుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీలకే పేరుకొంటుంది. పుష్య మాసపు చలిలో పైకి తేలిన తెల్లని పొరను చూసి బూజని భ్రమపడేవారున్నారు. తెలుగు రైతు కిర్రు చెప్పులకు ఆముదం పట్టించిన సంగతి నిజమే. అయితే చెప్పు రోజూ నడుస్తుంది, వంగుతుంది, రెండుమూడేండ్లలో అరిగిపోతుంది. పెట్టె నూరేళ్ళు కదలకుండా కూర్చుంటుంది. చెప్పుకు చేసిన వైద్యం పెట్టెకు కుదరదు.

పశువుల కాళ్ళ ఎముకలనుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనెకు జీను తోలు విషయంలో మంచి పేరుంది. పెట్టెకు అది ఎక్కువైతే తోలు మెత్తబడి కుట్లు సాగి, ఆకారం చెడుతుంది. గొర్రె ఉన్నినుంచి తీసే లానోలిన్, తేనెమైనం కలిసిన లేపనం దానికంటె మేలు. లానోలిన్ మెత్తదనం ఇస్తుంది, మైనం తేమను కొంత ఆపుతుంది. బ్రిటిష్ మ్యూజియంవారు సెడార్ కొయ్య నూనె చేర్చి వాడిన లేపనం ఈ కోవలోదే. అదీ తోలు క్షయాన్ని ఆపలేదని, అతిగా వాడితే దుమ్ము పట్టుతుందని తరువాతి నిపుణులు తేల్చారు. జీను సబ్బు క్షారగుణం కలది; కషాయపు తోలును నల్లబరుస్తుంది.

లేపనం ఎంచుకొన్న తరువాత కూడ అడుగుభాగంలో కంటికి ఆనని చోట ఒక నీటి బొట్టు వేసి చూడాలి. బొట్టు ఇంకితే తోలు దప్పికతో ఉన్నట్లు. నిలిచితే పైన పూర్వపు మైనమో వార్నిషో ఉన్నట్లు, లేపనం లోపలికి పోదు. పట్టించేది గుడ్డకు అంటీ అంటనంత. ఒక దినం ఆగి మిగులును తుడిచివేయాలి. ఇత్తడి మూలలను, తాళాన్ని తాకనివ్వరాదు. కొవ్వులోని ఆమ్లం ఇత్తడిలోని రాగితో కలిసి పచ్చని మైనం వంటి చిలుము కడుతుంది. పాత పెట్టెల తాళాల చుట్టూ కనిపించే ఆ పచ్చదనం చాలావరకు యజమానుల శ్రద్ధకు గుర్తే.

బెంగాలీలు భాద్ర మాసపు ఎండలో పట్టుచీరలు, శాలువలు ఆరవేస్తారు. తోలుపెట్టెకు ఆ ఎండ తగలరాదు. వేడికి తోలు ముడుచుకొని కొయ్యనుంచి ఊడుతుంది. బూజును ఆరుబయట నీడలో, మెత్తని పొడి కుంచెతో, ముక్కుకు గుడ్డ కట్టుకొని దులపాలి. పూజలు ముగిసి, కార్తికం వచ్చి గాలి పొడిబారిన తరువాతనే లేపనం.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చాలామందికి వింతగా తోస్తుంది: తుపాకిని ఆ పెట్టెలో ఉంచరాదు. కషాయపు తోలుకు ఆమ్లగుణం ఉంది. తేమను పీల్చి ఉక్కుకు అందిస్తుంది. బనాతు కూడ తడిని పట్టి ఉంచుతుంది. ఒక్క వర్షకాలంలో గొట్టంపై నీలిపూత పోయి తుప్పు చుక్కలు లేస్తాయి. తోలుపెట్టె ప్రయాణానికి ఉద్దేశించినది. రైలెక్కి తోటకు చేరేదాకా దాని పని. ఇంట తుపాకికి గాలి ఆడే తాళపు బీరువా కావాలి.

పెట్టె తోలు చిరిగితే అతుకు వేయించడం నేడు సులభం కాదు. నగరపు తూర్పు అంచున టాంగ్రాలో హక్కా చీనావారు తరతరాలుగా నడిపిన టానరీలు ఉండేవి. టాంగ్రా, తిల్‌జలా, తోప్సియా, పాగ్లాడాంగా ప్రాంతాలలోని ఐదువందలకు పైగా టానరీలను కాలుష్య కారణంగా తరలించాలని 1996 డిసెంబరు 19న సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటి కోసం బంతలాలో తోళ్ళ సముదాయం వెలసింది. టాంగ్రా ఇప్పుడు చీనా భోజనశాలలకు ప్రసిద్ధి. నేటి టానరీలలో ప్రధానంగా తయారయ్యేది క్రోమియం లవణాలతో పదునుచేసిన తోలు. చేతి తొడుగులకు, సంచులకు అది శ్రేష్ఠం. పాత పెట్టెకు మాత్రం కషాయపు తోలే అతకాలి. క్రోమ్ తోలు సాగే తీరు, రంగు పట్టే తీరు వేరు. పక్కపక్కన కుడితే రెండు వర్షాలకు కుట్టువెంబడి పెట్టె విచ్చుకొంటుంది. కాబట్టి బాగుచేయించదలచినవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ధర గురించి కాదు, ఆ తోలు కరక్కాయదా, క్రోమ్‌దా అని.