మహేంద్రుడి భుజం మీంచి చూద్దాం రండి!

మన ఆడవాళ్లు కొండ ఎక్కాలంటే కొండ మీద దేవుడుండాలి. సింహాచలం, అన్నవరం, తిరుమల... మొక్కు ఉందంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. "ఊరికే చూసి వస్తాం" అంటే మాత్రం "ఏం చూస్తారమ్మా అక్కడ, రాళ్లూ చెట్లేగా!" అనేస్తారు. జర్మనీలో రైన్ నది పక్కనున్న అడవికొండల మీద నడవడానికే 2005లో 320 కిలోమీటర్ల కాలిబాట వేశారు. బాన్ నుంచి వీస్‌బాడెన్ దాకా! అక్కడివాళ్లు తినడానికేదో మూట కట్టుకుని బయల్దేరతారు, మధ్యమధ్య కొండకొమ్మున కూచుని కింద నది చూసుకుంటారు. అదే వాళ్ల ఆదివారం. మొక్కూ లేదు, ముడుపూ లేదు.

అంతదూరం మనం వెళ్లక్కర్లేదు. నదీ, అడవీ, కొండా మూడూ మన శ్రీకాకుళం జిల్లా అంచునే ఉన్నాయి. మా పాతపట్నం మహేంద్రతనయ ఒడ్డున ఉంది. తనయ అంటే కూతురు కదా, ఈ నది మహేంద్రగిరి కూతురన్నమాట. కొండల్లో పుట్టి, మా ఊరి పక్కనుంచి సాగి, హిరమండలం గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. బిడ్డ నీళ్లు రోజూ వాడుకుంటాం, తండ్రి గడప తొక్కినవాళ్లం మాత్రం తక్కువ!

మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు, అంటే దాదాపు 4,925 అడుగులు. ఒడిశా రాష్ట్రంలోని పెద్ద శిఖరాల్లో ఇదొకటి. పర్లాకిమిడి నుంచి గజపతి జిల్లా కొండదారిలో వెళ్లాలి. జీపులు చాలాదూరం పోతాయి, మిగతాది కాలినడక. మన మందస వైపు నుంచి కూడా కాలిబాట ఉంది, శివరాత్రికి మనవాళ్లు ఎంతోమంది అటునుంచే ఎక్కుతారు. పైన కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి ఉన్నాయి. భీముడి గుడి చూడ్డానికి చిన్నదే, కానీ పేర్చిన రాళ్లు చూస్తే నిజంగా భీముడే ఎత్తాడేమో అనిపిస్తుంది. ముఖలింగం రాజధానిగా ఏలిన గాంగరాజులకి ఈ కొండమీది గోకర్ణేశ్వరుడే కులదైవం. పరశురాముడు తపస్సు చేసింది కూడా ఇక్కడేనని చెబుతారు. కాళిదాసు రఘువంశంలోనూ మహేంద్రగిరి ప్రస్తావన ఉంది. కాబట్టి ఇంట్లో అడిగేవాళ్లకి "గుడికి" అని చెప్పడానికి లోటేమీ లేదు లెండి!

కానీ నేను చెప్పొచ్చేది గుడి దాటాక సంగతి. మబ్బు విడిచిన పొద్దున శిఖరం మీద తూర్పుకి తిరిగి నిలబడితే అంచున వెండిజరీలా సముద్రం కనిపిస్తుంది. పడమరకి తిరిగితే కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, ఉతికి ఆరేసిన నీలంచీరల్లా. మా వీధివాళ్లం ఎనిమిదిమందిమి వెళ్లాం. మాలో పెద్దావిడకి యాభై ఎనిమిదేళ్లు. కాపరానికొచ్చిన నాటి నుంచీ ఈ కొండల్ని పెరట్లోంచే చూస్తోందిట. పైకెక్కాక చాలాసేపు మాటాడలేదు. తర్వాత, "ఓలమ్మో! మన ఇల్లెంత చిన్నదే అప్పా... దాన్లోనే ఇన్నాళ్లూ తిరిగేసేనా!" అంది. అందరం నవ్వేం గానీ, ఆ మాట ఎవరి గుండెలో ఎక్కడ తగిలిందో వాళ్లకే తెలుసు.

మోకాళ్లు నొప్పులున్నవాళ్లకి

అంత ఎత్తు వద్దనుకుంటే శాలిహుండం ఉంది. శ్రీకాకుళానికి 20 కిలోమీటర్ల లోపే, వంశధార ఒడ్డున చిన్న కొండ. ఈ బౌద్ధక్షేత్రం సంగతి 1919లో లోకానికి చెప్పింది మన గిడుగు రామమూర్తిపంతులు గారే. ఇటుకల స్తూపాలు, తార, మారీచి దేవతల విగ్రహాలు ఇక్కడ బయటపడ్డాయి. మెల్లగా ఆగుతూ ఎక్కితే ఆయాసం ఉండదు. పైనుంచి చూస్తే వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవడానికి ఎంత తాపీగా పోతుందో! ఆ బౌద్ధభిక్షువులకి చోటు ఎంచుకోవడం తెలుసు సుమండీ!

సీతంపేట ఏజెన్సీలో ఆడలి కొండ ఇంకొకటి. ఘాట్ రోడ్డులో బండిమీదే పైకి పోవచ్చు. ఆ దారిలో సవర ఆడపడుచులు ఎదురౌతారు. అనాసపళ్లు, పసుపు, చింతపండు నెత్తిన పెట్టుకుని సంతకి దిగుతుంటారు. వాళ్లకి కొండ ఎక్కడం దిగడం విహారం కాదు, కూడు. మనం వేడుకకి ఎక్కే కొండ వాళ్ల ఇల్లు. బేరం ఆడేముందు ఆ దారి ఒక్కసారి మనం కాళ్లతో నడిచి చూస్తే రూపాయికీ రెండు రూపాయలకీ నోరు రాదు. ఆ సవరల భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసింది కూడా పర్లాకిమిడిలో పంతులుగిరీ చేసిన గిడుగువారే.

ఎలా వెళ్లాలి?

విశాఖ నుంచి గుణుపురం వెళ్లే రైలు నౌపడ, టెక్కలి మీదుగా పాతపట్నం, పర్లాకిమిడి వస్తుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లోనే రాజావారు చిన్న రైలు వేయించారు. ఇప్పుడు పెద్ద లైను. మా ఊళ్లో దిగితే నీలమణి దుర్గమ్మని దర్శించుకుని బయల్దేరండి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచికాలం. వానల్లో రాయి జారుతుంది, వేసవిలో నెత్తి మాడుతుంది.

ఏం పట్టుకెళ్లాలి?

నిమ్మకాయ పులిహోర సాయంత్రం దాకా పాడవదు. పెరుగన్నం అయితే పాలు ఎక్కువ, పెరుగు ఒక్క చెంచా కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. పొద్దున్నే చోడి అంబలి తాగి బయల్దేరితే ఆకలి త్వరగా వేయదు. వేరుశనగ ఉండలు, ఉప్పూ పంచదారా వేసిన నిమ్మరసం మర్చిపోవద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పదు. ఫ్యాన్సీ చెప్పులు ఇంట్లో పెట్టి కాన్వాస్ బూట్లు వేసుకోండి. చీరైతే నేతచీర కాస్త ఎత్తుగా కట్టుకోండి. పైన చలిగాలి, శాలువా ఉండాలి. బి.పి., షుగరు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి, మాత్రలు కొంగున కట్టుకుని మరీ వెళ్లాలి.

ఒంటరిగా వద్దు. 2007 నుంచి ఒడిశా లఖారి అడవుల ఏనుగులు మా మండలాల వైపు తిరుగుతున్నాయి, మందస వైపు ఎలుగుబంట్ల భయమూ ఉంది. గుంపుగా, దారి తెలిసిన స్థానికుల్ని వెంటపెట్టుకుని, ఏనుగుల జాడ ఎక్కడుందో ముందే అడిగి కదలండి. పొద్దు గూకేలోపు దిగిపోండి.

ఇంకొక్క మాట. మహేంద్రగిరిని 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. అక్కడ వైద్యానికి పనికొచ్చే మొక్కలు ఎన్నో ఉన్నాయి. మన ఇల్లు ఊడ్చుకుని చెత్త కొండమీద పోస్తామా? ప్లాస్టిక్ కవర్లు తిరిగి సంచిలో వేసుకుని దిగండి. విస్తరాకుల్లో తింటే ఆ పేచీయే ఉండదు.

"ఆ రోజు ఇంట్లో వంటెవరు చేస్తారు?" అనే కదా మీ సందేహం! రాత్రే పప్పు నానబోసి, కూర తరిగి పెట్టండి. బియ్యం కడిగి కుక్కరెక్కించడం మగవాళ్లకి చేతకానంత పనేమీ కాదు. అమ్మాయిల్ని మాత్రం తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పెరట్లోంచి కనపడే కొండ అవతల ఏముందో వాళ్లు మనలా యాభై ఎనిమిదో ఏట దాకా ఆగి తెలుసుకోనక్కర్లేదు.