వెలుగుచునే ఉన్న ఎర్రదీపము

వేదోక్త ధర్మము ప్రవృత్తి లక్షణమనియు, నివృత్తి లక్షణమనియు ద్వివిధమని శంకర భగవత్పాదులు గీతాభాష్య ఉపోద్ఘాతమున సెలవిచ్చినారు. నివృత్తి యనగా కేవలము ఆగిపోవుటయే అను భ్రమ లోకమున కలదు. ఆగుట వేరు, ఆగగలుగుట వేరు, ఆగినట్లు కనబడుట మరియొకటి. ఖమ్మం జిల్లా తల్లాడలో ఒక గృహస్థుని కారున కలిగిన చిన్న లోపము ఈ మూడింటి భేదమును విశదము చేసినది.

ఆయన విశ్రాంత ఉపాధ్యాయులు. హైదరాబాదులోని కుమార్తె ఇంటికి సూర్యాపేట మీదుగా పోవునప్పుడు, విశాలమైన దారిలో క్రూయిజ్ కంట్రోల్ వాడుట ఆయనకు అలవాటు. ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెము పోవు దారిలో, మలుపులును పశువులును ఉన్నచోట, దాని జోలికి పోరు. ఒకమారు మీట నొక్కి వేగమును నిర్ణయించిన పిమ్మట యాక్సిలరేటర్ పైనుండి కాలు తీయవచ్చును. సెన్సార్లు వేగమును తెలుపుచుండగా, ఎత్తు వచ్చినచోట ఇంజనుకు బలము పెంచి, పల్లము వచ్చినచోట తగ్గించి, ఆ యంత్రమే సమవేగమును నిలుపును. దీనిని కల్పించిన అమెరికా ఇంజనీరు రాల్ఫ్ టీటర్ ఐదేండ్ల ప్రాయముననే చూపు కోల్పోయినవాడు. తన న్యాయవాది మాటలాడుచు కారును కుదుపులతో నడుపుట ఆయనకు ఈ ఆలోచన కలిగించినదని ప్రసిద్ధి. 1950లో ఆయనకు పేటెంటు లభించినది. 1958లో క్రైస్లర్ కార్లలో ఇది వచ్చినది.

ఒక ప్రయాణమున తల్లాడకు తిరిగివచ్చుచుండగా మీట ఎన్నిమారులు నొక్కినను వేగము నిలువలేదు. ఫోనులో కుమారుడు, "అది లేకపోయినా బండి నడుస్తుంది కదా నాన్నా" అన్నాడు. మరునాటి ఉదయము బ్యాటరీ నీరసించి ఇంజను కదలలేదు. ఇవి రెండును సంబంధము లేని బాధలని ఇంటివారందరును తలచినారు.

ఉపాధ్యాయుల వారు అట్లు తలచక అన్వయ వ్యతిరేకములతో పరీక్షకు పూనుకొన్నారు. ఏది ఉన్న కార్యము కలుగును, ఏది లేకున్న కలుగదు అని విచారించుటయే ఆ పద్ధతి. ఫ్యూజులు చూచినారు, చెడలేదు. కారుతో వచ్చిన పుస్తకము చదివినారు. వేగము గంటకు సుమారు 40 కిలోమీటర్లు దాటవలెను. క్లచ్ పైన, బ్రేక్ పైన కాలు ఉండరాదు. వీటిలో ఏ ఒక్కటి కుదరకున్నను యంత్రము సమ్మతింపదు. ఆగుటకు ఆజ్ఞ ఉన్నదని తోచినంతనే అది తన అధికారమును విడిచివేయును.

బ్యాటరీకి చార్జింగు పెట్టించి తెచ్చి బిగించిన సాయంకాలము, వెనుక నిలిచియున్న మనుమడు, "తాతయ్యా, బండిలో ఎవరూ లేరు కదా, మరి వెనకాల ఎర్ర లైట్లు ఎందుకు వెలుగుతున్నాయి?" అని అడిగినాడు. టార్చి వేసి చూడగా పెడల్ క్రింది పట్టాపై చిన్న ప్లాస్టిక్ ముక్కలు కనబడినవి. పెడల్ చేతిలో ఒక రంధ్రము, దానిలో గుండీ వంటి చిన్న బిళ్ళ ఉండును. కాలు తీసినప్పుడు ఆ బిళ్ళ స్విచ్ మొనను నొక్కి ఉంచును. అప్పుడు దీపము ఆరియుండును. ఏండ్లు గడచి బిళ్ళ పొడియై రాలినది. స్విచ్ మొన రంధ్రములో దూరి బయటికి చాచుకొనియే ఉన్నది. కనుక కాలు లేకున్నను కాలు ఉన్నదనియే యంత్రమునకు వార్త. క్రూయిజ్ నిరాకరించుటకును, రాత్రంతయు దీపము వెలిగి బ్యాటరీ అడుగంటుటకును కారణము ఒక్కటియే.

ఖమ్మం నుండి తగిన బిళ్ళ తెప్పించి, తాళము తీసి, వ్రేలితో రంధ్రమున బిగించినారు. మనుమడు వెనుక నిలిచి నొక్కినప్పుడు వెలుగుటయు, విడిచినప్పుడు ఆరుటయు చెప్పినాడు. ఖాళీ దారిలో వేగము నిలిపి, బ్రేకును తాకగానే విడిపోవుటను కూడ పరీక్షించిన పిమ్మటనే ఆయన తృప్తి చెందినారు. పెడల్ మెత్తగా దిగిపోవుచున్నను, లోపము స్టీరింగులోని ఎయిర్‌బ్యాగ్ తీగల దిక్కున ఉన్నను ఇంటిలో చేయి పెట్టరాదు. అది నిపుణుల పని.

పోయినది ఒక సౌఖ్యమే అని ఊరకున్నచో ఏమగును? సదా వెలుగు ఎర్రదీపము వెనుక వచ్చువానికి ఏమియు చెప్పదు. నిజముగా బ్రేకు వేసిన క్షణమున వానికి హెచ్చరిక అందదు. చీకటిలో అడవిదారిన భద్రాచలము పోవు లారీయో బస్సో వెనుక ఉన్నచో దాని ఫలము ఊహింపవచ్చును.

కురుక్షేత్రమున అర్జునుడు విల్లు విడిచి, భిక్షాన్నమే మేలని పలికినాడు. ఆ మాట నివృత్తి మాటవలెనే వినబడును. కాని దాని వెనుక వివేకము లేదు. శోకమోహములు మాత్రమే ఉన్నవి. కాలు మోపకయే వెలిగిన దీపమది. భగవానుడు దానిని వైరాగ్యమని మెచ్చుకొనలేదు. శ్రేష్ఠుడు ఆచరించినదానినే ఇతరులు అనుసరింతురని తెలిపి, వెనుక వచ్చువారి క్షేమమును గుర్తు చేసినాడు.

ఇక నిజమైన నివృత్తి ఎట్టిది? తాటకావధానంతరము విశ్వామిత్రుడు అస్త్రములను అనుగ్రహింపగా, శ్రీరాముడు వాటి ఉపసంహారమును కూడ ఉపదేశింపుమని కోరినాడు. ప్రయోగమునకు ముందే ఉపసంహారము చేతిలో ఉండవలెనని ఆ స్వామి భావము. అది ఉన్నవాడు యుద్ధము మానలేదు, నిర్భయముగా చేసినాడు.

"నాకేమియు వలదు, నేను అన్నియు విడిచితిని" అని అనుదినము పలుకు సాధకుడు ఆ మాట వెనుక వివేకము ఉన్నదో, లోపల ఏ బిళ్ళయైనను రాలినదో ఒకమారు వంగి చూచుకొనవలెను. అలసట, భయము, అభిమానభంగము వైరాగ్యవేషమున కర్తవ్యమును ఆపుచుండును. వెనుక నడచు బిడ్డలకు తప్పు సంకేతము నిచ్చుచుండును. పట్టవలసినప్పుడు పట్టి, విడువవలసినప్పుడు విడుచునదే నివృత్తి.